నేను రాసిన నాలుగో పొర

మనిషి చెడిపోవడానికి పెద్ద పెద్ద దురలవాట్లేమీ అక్కర్లేదు. ఒక మట్టి పెంకు, ఒక నల్ల సిరా కలం ఉంటే చాలు. ఆ రెండింటితో నేను నా చదువునూ, మా మేడం పరువునూ, మా పెదనాన్న మార్కెట్ మర్యాదనూ ఒకే వారంలో గంగలో కలపబోయాను. కోతికి కొబ్బరికాయ దొరికితే పోయేది ఒక్క కాయే. పరిశోధక విద్యార్థినికి సిరా కలం దొరికితే రెండు వేల ఏళ్లు పోతాయి. ఎలా పోయాయో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, పరవాలేదు. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. అప్పుడు మాత్రం నోట్లోకి అన్నం ముద్ద వెళ్లలేదు.

పదేళ్ల కిందటి మాట. పురావస్తు శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. సొంతూరు సిద్దిపేట దగ్గర. ఉండేది సికింద్రాబాద్‌లో, బోయిన్‌పల్లిలో మా పెద్దమ్మ ఇంట్లో. పెదనాన్న యాదగిరి కూరగాయల మార్కెట్లో టమాటా కమీషన్ వ్యాపారి. తెల్లారకముందే వెళ్లి మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు. ఆయన గుమ్మంలో అడుగు పెడితే టమాటా వాసన ఆయన కంటే ముందే వంటింటి దాకా వెళ్లేది. పెద్దమ్మది పెట్టే చెయ్యి. ఇంటికి వచ్చినవాళ్లు వద్దన్నా సరే, ఏదో ఒకటి సంచిలో వేసి పంపేది. ఈ గుణాన్ని గుర్తుంచుకోమని మనవి. నేను గుర్తుంచుకోలేదు కాబట్టే ఈ కథ పుట్టింది.

నా పరిశోధన అంశం పేరు చెబితే ఎదుటివాళ్లు సర్దుకుని కూర్చునేవారు. రెండు వేల ఏళ్ల కిందట మన దక్కను రోమన్లతో చేసిన వ్యాపారం. ఆ రోజుల్లో రోమన్లు ఓడల్లో ద్రాక్షసారా, ఆలివ్ నూనె తెచ్చేవారు. అవి పోసి తెచ్చే రెండు చెవుల పొడవాటి మట్టి జాడీని యాంఫొరా అంటారు. ఒక ఊళ్లో యాంఫొరా పెంకు దొరికిందంటే ఆ ఊరికి రోము సరుకు చేరిందని గట్టి ఆధారం. ఆ ఒక్క పెంకు కోసం నేను మూడేళ్లు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశాను. ఎదురుచూస్తూనే ఫోన్లో పాఠాలు విని లాటిన్ నేర్చుకున్నాను. రోమన్ల ఓడలు ఏ నెలలో ఏ గాలికి బయల్దేరేవో చెప్పగలను. వాళ్లు రొట్టెలోకి నంజుకునే చేపల రసం ఎన్నాళ్లు ఊరబెట్టేవారో చెప్పగలను. పెంకు ఒక్కటే లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు కదా, నా కొడుకు పేరు రోమలింగం.

ఇక మా మేడం. పేరు రూత్. ఏలూరు వైపు నుంచి వచ్చి తిరుమలగిరిలో స్థిరపడిన పంతుళ్ల కుటుంబం. తవ్వకం మొదలయ్యే రోజు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. కళ్లు తెరిచాక ఇంకెవరినీ నమ్మేవారు కాదు. ఆమె నవ్వగా చూసినవాళ్లు మా శాఖలో లేరు. మాకందరికీ ఆమె నేర్పింది ఒకటే సూత్రం. నేల మీద పొర మీద పొర పేరుకుంటుంది. ఏ పెంకు ఏ పొరలో దొరికిందో రాసి ఉంటేనే దాని వయసు తెలుస్తుంది, దాని మాటకు విలువ ఉంటుంది. మేడం మాటల్లోనే చెప్పాలంటే, "ఎక్కడ దొరికిందో తెలియని పెంకు నోరు విప్పదు రజితా. మనం బలవంతాన విప్పిస్తే అది అబద్ధమే చెబుతుంది."

ఆ చలికాలం రెండు నెలల పాటు ఒక పల్లెటూరి పక్కన, పాత ఊరు పూడిపోయి మిగిలిన పాటిదిబ్బను తవ్వాం. గోతాలకొద్దీ పెంకులు వచ్చాయి. వాటిని తెచ్చి పెట్టుకునే మా గదికి అప్పుడే మరమ్మతులు మొదలయ్యాయి. దాంతో నేనే ముందుకొచ్చి, మా పెద్దమ్మ ఇంటి మేడ మీద కడిగి ఆరబెట్టి నంబర్లు వేస్తానని మాటిచ్చాను. మేడం రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. ఒక్క పెంకు కలవకూడదు, ఒక్క పెంకు పోకూడదు అని చెప్పి పంపారు. పెదనాన్న మార్కెట్ నుంచి ఖాళీ టమాటా ట్రేలు తెచ్చి ఇచ్చాడు. ఒక్కో పొరకు ఒక్కో ట్రే. కడిగిన పెంకు ఆరాక దాని లోపలి వైపు నల్ల సిరాతో గుంట పేరు, పొర నంబరు రాసి, లెక్కపెట్టి, రిజిస్టరులో ఎక్కించాలి.

పెద్దమ్మ రోజూ బట్టలు ఆరేయడానికి పైకి వచ్చి నన్ను జాలిగా చూసేది. ఇంత చదువు చదివి పాత పళ్లుతోమే బ్రష్షుతో పెంకులు తోముతున్నానని పక్కింటి వాళ్లకు చెప్పుకోలేక, అమ్మాయి సర్కారు పని మీద ఉందని చెప్పింది. ఒకరోజు నా దగ్గరే కూర్చుని, ఈ పగిలినవాటిని ఎవరైనా కొంటారా అని అడిగింది. కొనరు పెద్దమ్మా అన్నాను. మరి ఎందుకే అంది. పగిలిన ప్రతి కుండా మనకు ఏదో చెబుతుందని, నాకు ఒక్క పెంకు కూడా పారేయబుద్ధి కాదని చిన్న ఉపన్యాసం ఇచ్చాను. పెద్దమ్మ చాలా శ్రద్ధగా విన్నది. నా జీవితంలో నా ఉపన్యాసాన్ని అంత శ్రద్ధగా విని, ఆచరణలో పెట్టిన మనిషి ఆమె ఒక్కతే.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం. నాలుగో పొర పెంకులు అప్పటికి వారం కిందటే పూర్తి చేశాను. అన్నీ కడిగి, నంబర్లు వేసి, లెక్క రెండు వందల పన్నెండు అని రిజిస్టరులో రాసి పెట్టాను. మధ్యలో నాలుగు రోజులు ఊరికి వెళ్లి వచ్చాను. ఆ రోజు ట్రేలు మూట కడదామని చూస్తే, నాలుగో పొర ట్రేలో పైనే కనిపించింది. సన్నటి పొడవాటి మెడ. మెడకు పక్కన విరిగిన చెవి మొదలు. ఎర్రటి మట్టి మీద తెల్లగా పూతలా పట్టిన ఉప్పు.

తంతే బూరెల గంపలో పడటం పాతవాళ్ల అదృష్టం. నేను టమాటా ట్రేలో పడ్డాను. దాన్ని రెండు చేతుల్లోకి పసిపిల్లను తీసుకున్నట్టు తీసుకుని నీడలోకి తెచ్చాను. ఆ ఉప్పు ఏమిటో క్షణంలో అర్థమైపోయింది. నెలల తరబడి ఓడలో వచ్చిన జాడీకి సముద్రపు ఉప్పు కాక ఇంకేం పడుతుంది? లోపలి వైపు తిప్పి చూశాను. నంబరు లేదు.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సింది. చదువుకున్న మనిషి, చదువుకోని మనిషి, చదువుతూ మధ్యలో ఉన్న మనిషి, ఎవరైనా సరే ఇక్కడ ఆగుతారు. నేను ఆగలేదు. ఆరడం కోసం ఎక్కడో పక్కన పెట్టి మరచిపోయి ఉంటాను అనుకున్నాను. నాలుగో పొర ట్రేలో ఉంది కాబట్టి నాలుగో పొరదే అనుకున్నాను. కలం తీసి గుండ్రటి అక్షరాలతో నంబరు వేశాను. తర్వాత రిజిస్టరు తెరిచాను. రెండు వందల పన్నెండులో చివరి అంకె రెండు. రెండును మూడు చేయడానికి కింద గీతను కాస్త చెరిపి ఒక చిన్న వంపు తిప్పితే సరిపోతుంది. ఆ వంపు తిప్పేటప్పుడు ఒకసారి మెట్ల వైపు చూశాను. ఆనందం వల్ల అనుకున్నాను.

మర్నాడు దాన్ని పత్తిలో చుట్టి మేడం ముందు పెట్టాను. ఆమె భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు.

"నువ్వే కడిగావా దీన్ని?"

"అవును మేడం."

"నాలుగో పొరేనా?"

"నాలుగో పొరే మేడం."

చూడండి, ఎంత తేలిగ్గా వచ్చిందో. అబద్ధం చెబుతున్నానని కూడా నాకు అనిపించలేదు. సిరాతో రాసి ఉంది కదా, నేనే చదివి చెప్పాను.

మేడం వెంటనే రోము అనలేదు. తనకు ఈ తరహా పెంకులతో అంత పరిచయం లేదని, పుణె నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు గారు వచ్చే శుక్రవారం మా దగ్గర ఉపన్యాసానికి వస్తున్నారని, యాంఫొరాలంటే ఆయనకు కొట్టిన పిండి అని, ఆయనకే చూపిద్దామని అన్నారు. అప్పటిదాకా పెంకును నా దగ్గరే ఉంచుకుని ఒక వ్యాసం రాసి పెట్టమన్నారు, ఎవరికీ చెప్పవద్దన్నారు. లేచి వెళ్తుంటే, "బాగా కష్టపడ్డావు" అన్నారు. మేడం నోట మెచ్చుకోలు వినడం అదే మొదటిసారి. ఆ ఊపులో మెట్లు దిగానో ఎగిరానో నాకు గుర్తు లేదు.

వ్యాసం పన్నెండు పేజీలు వచ్చింది. అందులో మూడు పేజీలు ఉప్పు మీదే. ఏ సముద్రపు ఉప్పో, ఏ రేవులో దిగిందో, ఎడ్లబండి మీద ఎన్ని రోజులు ప్రయాణించిందో రాస్తూ పోయాను. ఎడ్ల పేర్లు ఒక్కటే రాయలేదు.

ఎవరికీ చెప్పలేదు కూడా. పెదనాన్న ఎవరో కాదు కదా, అందుకని ఆయనకు ఒక్కడికే ఫోటో పంపాను. నేను పెంకు పట్టుకుని నవ్వుతున్న ఫోటో. పెదనాన్న కూడా ఎవరికీ చెప్పలేదు. మార్కెట్లో ఉన్నవాళ్లంతా ఆయన వాళ్లే. రెండు రోజుల్లో మార్కెట్ గేటు దగ్గర ఫ్లెక్సీ లేచింది. రోమ్ దేశపు కుండను కనిపెట్టిన మా బిడ్డ రజితకు శుభాకాంక్షలు అని దాని మీద పెద్దక్షరాలు. పైన వరుసగా ఆరుగురు టమాటా వ్యాపారుల ఫోటోలు, నల్ల కళ్లద్దాలతో. మధ్యలో పెదనాన్న, దండం పెడుతూ. కింద మూలకు నేను. నా చేతిలో నిమ్మకాయంత రోము. మేడం ఆ దారిన రారు కదా అని ధైర్యం చెప్పుకున్నాను.

గురువారం పొద్దున పెద్దమ్మ మార్కెట్‌కు వెళ్లి వచ్చింది. సంచి కింద పెట్టి, నీళ్లు తాగి, మెల్లగా మేడ మీదికి వచ్చింది. నేను వ్యాసంలో చివరి సవరణలు చేస్తున్నాను.

"రజీ, మార్కెట్ల నీ ఫోటో చూసిన. మంచిగొచ్చింది. గని నీ చేతుల నా కూజా మెడ ఎందుకు పెట్టిన్రు?"

"ఏ కూజా పెద్దమ్మా?"

"నీళ్ల కూజా. నువ్వు ఊరికి పోయినప్పుడు పిల్లి తన్ని పడేసింది గదా."

"అది కూజా గాదు పెద్దమ్మా. రోమ్ నుంచి వచ్చిన జాడీ."

"రోమ్ నుంచి ఏడొచ్చిందే? బోయిన్‌పల్లి చౌరస్తల నేనే బేరమాడి కొన్న. పదకొండు ఎండకాలాలు దాన్ల నీళ్లు తాగినం. నువ్వు సుత తాగినవ్."

కలం కింద పెట్టి అడిగాను.

"మరి నా ట్రేలకెట్ల వచ్చింది?"

"నేనే ఏసిన. ఊర్లు పట్టుకొని తిరిగి పగిలిన పెంకులు ఏరుకొస్తున్నవ్. ఒక్కటి సుత పారేయబుద్ధి గాదంటివి. ఇంట్ల పగిలింది చెత్తల ఏస్తే నీ మనసు కష్టపడదా?"

నేనింకా ఒప్పుకోలేదు. ఇద్దరి కూజాలు ఒకేలా ఉండవచ్చు కదా అని వాదించాను. మరి ఈ ఉప్పు ఎక్కడిది అని నిలదీశాను. మా బోరు నీళ్లు పోసిన ప్రతి గిన్నెకూ ఆ ఉప్పే పడుతుందని, కావాలంటే బకెట్ చూసుకోమని పెద్దమ్మ అంది. బకెట్ చూశాను. మధ్యధరా సముద్రమంతా ఆ బకెట్ అంచున తెల్లగా పేరుకుని ఉంది. అంతటితో ఊరుకోక పెద్దమ్మ కిందికి వెళ్లి కూజా పొట్టను కూడా తెచ్చింది. అందులో బట్టల క్లిప్పులు వేసుకుంటోందట. క్లిప్పులు కింద పోసి, నా చేతిలోని మెడను తీసుకుని ఆ పొట్ట మీద పెట్టింది. టక్కున కూర్చుంది.

రెండు పెంకులు ఇలా ఒకదానిలో ఒకటి అతకడాన్ని మించిన రుజువు మా శాస్త్రంలో లేదు. మూడేళ్లలో ఎన్నో వందల పెంకులను అతికించాలని చూశాను. అంత అందంగా అతికినవి అంతకు ముందూ లేవు, ఆ తర్వాతా లేవు.

పుణె ప్రొఫెసరు గారు మర్నాడు పొద్దున్నే దిగుతున్నారు. నాకు ముందు వచ్చినవన్నీ దొంగ ఆలోచనలే. పెంకు చెయ్యి జారి ముక్కలైందని చెబితే? ఆటోలో పోగొట్టుకున్నానని చెబితే? నాకే జ్వరం వస్తే? నుదురు పట్టుకుని చూసుకున్నాను. చల్లగా, నిక్షేపంలా ఉంది. ఆరోగ్యం కూడా ఒక్కోసారి మనిషికి సాయం చేయదు. అసలు భయం కూజా గురించి కాదు. రిజిస్టరులో నేను తిప్పిన ఆ చిన్న వంపు గురించి. అది రేపు మేడం పేరుతో పదిమంది ముందుకు వెళ్తుంది. తప్పు తేలిన రోజున పోయేది ఆమె ముప్పై ఏళ్ల పేరు. అక్కడికి వచ్చేసరికి దొంగ ఆలోచనలన్నీ ఆగిపోయాయి. కూజా మెడను అదే పత్తిలో చుట్టుకుని తిరుమలగిరి బస్సెక్కాను.

మేడం ఇంట్లోనే ఉన్నారు. నన్ను చూసి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, తాను చేసిన కేకు ముక్క పెట్టారు. తిట్లు తినడానికి వెళ్లినవాళ్లకు కేకు పెట్టడం కంటే పెద్ద శిక్ష లేదు. బల్ల మీద నేను ముందురోజు ఇచ్చిన వ్యాసం చిత్తుప్రతి ఉంది.

"ఉప్పు గురించి చాలా బాగా రాశావు" అన్నారు.

నీళ్లు తాగాను. ఎండల గురించి మాట్లాడాను. బస్సుల గురించి మాట్లాడాను. కంటోన్మెంట్ రోడ్ల గురించి కూడా మాట్లాడాక ఇక మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు.

"మేడం, అది మా పెద్దమ్మ కూజా."

మేడం కప్పు కింద పెట్టారు. నేను జరిగిందంతా చెప్పాను, పిల్లి దగ్గర నుంచి బట్టల క్లిప్పుల దాకా. ఆమె పత్తి విప్పి, కూజా మెడను లోపలి వైపు తిప్పి చూశారు.

"కూజాను గుర్తుపట్టకపోవడం తప్పు కాదు. నేనూ పట్టలేదు. దాని మీద నంబరు ఎవరు వేశారు?"

"నేనే మేడం."

"రిజిస్టరులో రెండు వందల పదమూడు ఉందని నీ వ్యాసంలో రాశావు."

"రెండు వందల పన్నెండే మేడం. రెండును మూడు చేశాను."

ఆమె కోప్పడి ఉంటే ఎంత బాగుండేది. నా వైపు చూసి, "ఇది రేపటి దాకా దాచి ఉంటే మనిద్దరికీ దారి ఉండేది కాదు. ఇవాళ చెప్పావు" అన్నారు. లోపలికి వెళ్లి భుజానికి సంచి తగిలించుకుని వచ్చారు. అందులోంచి తాపీ పిడి బయటికి కనిపిస్తోంది. పద, మీ ఇంటికి వెళ్దాం అన్నారు.

ఆటోలో బోయిన్‌పల్లి చేరాం. ఆటోవాడు మార్కెట్ గేటు మీదుగా తిప్పాడు. మేడం తలెత్తి ఫ్లెక్సీని మొదటి నుంచి చివరి దాకా చదివారు. ఆరుగురు వ్యాపారుల ఫోటోలూ చూశారు. నేను ఆటో నేలలో చిన్న గుంట తవ్వుకుని అందులో పడుకోవడం ఎలాగా అని ఆలోచిస్తున్నాను.

పెద్దమ్మకు ఇదంతా తెలియదు. అమ్మాయి గురువుగారు ఇంటికి వచ్చారని సంబరపడి మజ్జిగ తెచ్చింది. మేడం మజ్జిగ తాగి, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగారు.

"ఈ ట్రేల్లో ఇంకేమైనా వేశారా అండీ మీరు?"

తన సాయం గురించి ఇన్నాళ్లకు ఒకరు అడిగారని పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. పోయిన దీపావళి ప్రమిదలు ఆరు వేసిందట. పూలకుండీ అంచు ఒకటి వేసిందట. ప్రమిదలనగానే నేను నోటుపుస్తకం తెరిచాను. మూడో పొర ట్రేలో ఆరు చిన్న గిన్నెలున్నాయని, బహుశా పూజకు వాడినవి కావచ్చని నోటుపుస్తకంలో రాసుకున్నాను. మా శాస్త్రంలో ఏమిటో తెలియని ప్రతి వస్తువునూ పూజకు వాడినదనే రాస్తాం. నా పరిశోధనలో ఆ ఒక్క మాటైనా నిజమైంది.

మేడం తర్వాతి ప్రశ్న వేశారు. దాన్ని అడగాలని నాకు తట్టనే లేదు.

"మరి ఇందులోంచి ఏమైనా తీసుకున్నారా?"

"తీసుకునుడేంది మేడం, ఇచ్చి పుచ్చుకునుడు. కుండీల అడుగు బొక్క మీద పెట్టెతందుకు ఒక పెంకు కావాల్సొచ్చింది. మా కుండల పెంకులు పల్చగుంటయ్, ఆగయ్. గా కడగని కుప్పల ఒకటి దళసరిది కనిపిస్తే తీసి కరివేపాకు కుండీల పెట్టిన."

"ఏ గోతంలోంచి తీశారో గుర్తుందా?"

"అన్నీ ఒక్కతీరుగనే ఉంటయ్ గద మేడం."

మేడం లేచి చీర కొంగు నడుముకు దోపుకున్నారు. పాత పేపరు తెమ్మన్నారు. కరివేపాకు కుండీ ముందు మఠం వేసుకుని కూర్చుని, తాపీ తీసి తవ్వకం మొదలుపెట్టారు. ఏదో నాలుగు పోట్లు పొడిచి మట్టి తోడేయలేదు. ముందు ఫోటో తీయించారు. తర్వాత పైనున్న పేడ ఎరువు పొర, దాని కింద ఎర్రమట్టి పొర, దేనికది వేరుగా తీసి పేపరు మీద పోయించారు. నాతో లోతు కొలిపించారు. పెద్దమ్మ కుండీ పక్కనే నిలబడి, వేర్లు తెగితే చెట్టు బతకదని పదే పదే గుర్తు చేసింది. ఏమీ కాదండీ, ముప్పై ఏళ్లుగా ఇదే పని అని మేడం ఆమెకు ధైర్యం చెప్పారు. నా నిజమైన తవ్వకంలో కూడా నేను అంత భక్తిగా పని చేయలేదు.

అడుగున పెంకు దొరికింది. అరచేయంత ఉంది. దళసరిగా, లేత గోధుమ రంగులో. రోజూ పోసిన నీళ్లకు దానంతటదే శుభ్రంగా కడుక్కుని ఉంది. దాని మట్టిలో నల్లటి మెరిసే రేణువులు. మేడం దాన్ని ఎండకు పట్టి చూశారు. తర్వాత నా చేతికి ఒక చీటీ ఇచ్చారు.

"ఎక్కడ దొరికిందో రాయి. నిజం రాయి."

మా చీటీలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం అలవాటు. నల్ల సిరాతో, గుండ్రంగా, కరివేపాకు కుండీ, పొర రెండు అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి తేదీ వేశాను. రిజిస్టరు తెచ్చి రెండు వందల పదమూడు కొట్టేసి, రెండు వందల పన్నెండు అని పక్కన రాసి సంతకం పెట్టాను.

మర్నాడు పుణె ప్రొఫెసరు గారు వచ్చారు. తెల్లటి జుట్టు, మెడలో దారానికి వేలాడే భూతద్దం. మేడం నన్ను ఆయన ముందు నిలబెట్టి కూజా కథంతా నాతోనే చెప్పించారు. ఆయన పెద్దగా నవ్వి, మంచి కూజాయే, నీళ్లు చల్లగా ఉండి ఉంటాయి అన్నారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. మేడం అప్పుడు రెండో పెంకు ఆయన చేతిలో పెట్టారు.

ఆయన నవ్వు ఆగిపోయింది. కిటికీ దగ్గరికి వెళ్లారు. భూతద్దం పెట్టి అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఆ నల్ల రేణువులు ఇటలీ తీరంలో అగ్నిపర్వతాలు కక్కిన ఇసుక అని, ఆ మట్టి మన దేశంలో ఎక్కడా లేదని, ఇది నిఖార్సయిన యాంఫొరా పెంకు అని చెప్పారు. మూడేళ్లు నేను ఎదురుచూసిన రోము నెల రోజుల పాటు నా తల పక్కనే కరివేపాకు కుండీలో మట్టి కొట్టుకుపోకుండా కాపలా కాసింది. నేనేమో చెవుల కోసం, మెడల కోసం వెతుకుతూ, కడగని కుప్పలోని ఈ మొద్దు ముక్కను ఎన్నిసార్లు కాలితో పక్కకు నెట్టానో.

ప్రొఫెసరు గారు పెంకుకు కట్టిన చీటీ చదివారు. ఒకసారి చదివి, మళ్లీ చదివి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి, కలం మూత తీశారు. చాలా గౌరవంగా ఇంగ్లీషులో నన్ను అడిగారు.

"ఈ కరివేపాకు కుండీ అనే ఊరు ఏ జిల్లాలో ఉందమ్మా? అక్కడ పెద్ద ఎత్తున తవ్వాలి."

గదిలో ఒక వింత చప్పుడు వినిపించింది. ఏమిటా అని తిరిగి చూస్తే మేడం నవ్వుతున్నారు. కళ్లద్దాలు తీసి, కొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసి నవ్వుతున్నారు. పక్క గదుల వాళ్లు ఏమైందోనని పరిగెత్తుకొచ్చారు. జిల్లా పేరు చెప్పే బాధ్యత నా మీదే పడింది. చెప్పాను. పెద్దాయన మెల్లగా కలం మూత పెట్టేశారు.

ఆ పెంకు ఏ పొరదో, అసలు మా దిబ్బలోదో కాదో, ఎవరూ రుజువు చేయలేరు. ప్రమిదలు కలిసిన ట్రేల పక్కన ఉన్న గోతాల మాట ఎవరు నమ్ముతారు? అందుకని నా సిద్ధాంత గ్రంథంలో దానికి దక్కింది ఒక పేజీ అడుగున రెండు వాక్యాలు. అబద్ధపు పెంకుకు పన్నెండు పేజీలు, నిజమైనదానికి రెండు వాక్యాలు. అన్ని ట్రేల్లోని పెంకులనూ మళ్లీ మొదటి నుంచి సరిచూసి, ఆ దిబ్బకు రోము సరుకు చేరినట్టు ఆధారం లేదని నా చేత్తో నేనే రాసి పట్టా పుచ్చుకున్నాను. మేడం దాన్ని చదివి ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ అందరినీ సాక్షులుగా పెట్టుకుని, ఎడమ చేయి శాస్త్రం మీద, కుడి చేయి గుండె మీద వేసి ప్రమాణం చేస్తున్నాను. నా కళ్లతో నేను చూడనిదాని మీద నంబరు వేయను. రెండును మూడు చేయను, మూడును ఎనిమిది అసలే చేయను. ఇక ముందు మా పెద్దమ్మను అడగకుండా ఏ సామ్రాజ్యాన్నీ కనిపెట్టను.